వెయ్యిన్నీ తొమ్మిది బండలు

ఇప్పుడెందుకు రాస్తున్నాను

ఈ సంగతులు ముందే రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. అంకెలు వచ్చు. కొలిచే టేపు మీద ఉన్నవి కాబట్టి పనిలో చేరిన కొత్తలోనే అవి వచ్చేశాయి. అక్షరాలతో మాత్రం అరవై దాటేదాకా పని పడలేదు. బస్సు మీద ఊరి పేరు చదవలేకపోతే పక్కవాళ్ళని అడిగేదాన్ని. సంతకం చేయాల్సిన చోట వేలిముద్ర వేసేదాన్ని.

నేను చెబుతుంటే రాసిపెడతామన్నవాళ్ళు లేకపోలేదు. ఒకాయన రాశాడు కూడా. తిరిగి చదివించుకుంటే అందులో నేను చానా కష్టపడినట్టు ఉంది, నా కళ్ళలో నీళ్ళు తిరిగినట్టు ఉంది. బండ గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాగితం నాకొద్దని చెప్పాను.

మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాక నరసరావుపేటలో మా అమ్మాయి ఇంటికి వచ్చాను. పక్కింట్లో సుశీల టీచరు ఉంది. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చుని అ ఆలు దిద్దాను. గుణింతాలు తొందరగానే పట్టుబడ్డాయి. ఒత్తులు చాలాకాలం ఏడిపించాయి. ఇప్పుడు నెమ్మదిగా రాయగలను. తప్పులుంటే టీచరు సరిచేస్తుంది. మాటలు మాత్రం మార్చదు.

బండలు పరిచే పనిలోకి ఇప్పుడూ ఆడపిల్లలు వస్తున్నారు. వాళ్ళకోసం రాస్తున్నాను. రాయి పోయి టైలు వచ్చింది, చేతి ఉలి పోయి కోసే యంత్రం వచ్చింది. లెక్క మాత్రం మారలేదు.

పని అంటే బరువు కాదు

మా పని చూసేవాళ్ళకు అందులో బరువే కనిపిస్తుంది. బరువు మొదటి ఏడాదితో అలవాటైపోతుంది. అసలు పని బండను చూడటం. నాపరాయికి ముఖం ఉంటుంది, వీపు ఉంటుంది. ముఖం పైకి రావాలి. వీపు మీద గుంటలుంటే కింద ఎక్కువ సిమెంటు మాలు వేయాలి. పరిచాక చెక్కసుత్తితో తట్టి వినాలి. గట్టిగా పలికితే కింద మాలు నిండినట్టు. డొల్లగా పలికితే ఎంత అందంగా కుదిరినా సరే, పైకి లేపి మళ్ళీ వేయాలి. బద్ధకించి వదిలేసిన బండ ఏదో ఒక రోజు ఇంటివాళ్ళ కాలి కింద కదులుతుంది. అప్పుడు వాళ్ళు తిట్టేది రాయిని కాదు.

మా ముఠాలో ఆడవాళ్ళం బండలు మోసేవాళ్ళం, మాలు కలిపేవాళ్ళం. దారం కట్టడం, మట్టం చూడటం, సుత్తి పట్టడం మగవాళ్ళ పని. ఎందుకని అడిగితే ఎప్పటినుంచో అంతే అన్నారు. అది జవాబు కాదని అప్పుడూ తెలుసు. కాకపోతే మోసేవాళ్ళకు ఒక లాభం ఉంది. ప్రతి బండా మా చేతుల మీదుగానే పోతుంది. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, ఆ లెక్క మాకు ఒంట్లోనే ఉండేది.

ఏడు దగ్గర ఆగిపోయే మేస్త్రి

మా మేస్త్రి పేరు అప్పయ్య. మట్టం చూడటంలో ఆయన్ను మించినవాణ్ణి నేను చూడలేదు. కంటితో చూసి ఏ మూల ఎంత దిగిందో చెప్పేవాడు. నోరు మాత్రం చెడ్డది, ఓపిక తక్కువ.

బండను కోయకుండా, ఒక్కటి మిగలకుండా నేల నిండటం మేస్త్రికి గొప్ప. ఉన్న బండలు సమానమైన వరుసలుగా ఒదుగుతాయా లేదా అని ముందే చూసుకునేవాళ్ళం. పన్నెండు బండలైతే మూడు నాలుగులుగా ఒదుగుతాయి, రెండు ఆరులుగా ఒదుగుతాయి. పదమూడు ఎలా పేర్చినా ఒదగవు. ఒక్కటే వారగా పొడుగ్గా పరవాలి, అది నడవాకు తప్ప దేనికీ పనికిరాదు. అలాంటిదాన్ని మేం మొండి లెక్క అనేవాళ్ళం.

అప్పయ్య ఏ లెక్కనైనా రెండుతో, మూడుతో, ఐదుతో, ఏడుతో చూసేవాడు. ఏడుతో కూడా ఒదగకపోతే మొండిదని తేల్చేసేవాడు. ఒకసారి పెదకూరపాడు దగ్గర ఒకరి వాకిలికి నూట నలభై మూడు బండలు వచ్చాయి. అప్పయ్య చూశాడు, ఏడు దగ్గర ఆగాడు, మొండిదన్నాడు. ఇంకో బండ తెప్పించి పన్నెండు పన్నెండుల చదరం వేశాడు. ఆ ఒక్క బండ వేరే క్వారీది, రంగు తేడా. వాకిలి మధ్యలో మాసిక వేసినట్టు ఇప్పటికీ కనబడుతుంది.

సాయంత్రం బస్సు కోసం కూర్చున్నప్పుడు, చెక్కగా రాలిన చెక్కు రాళ్ళతో పేర్చి చూశాను. పదకొండు చొప్పున పదమూడు వరుసలు వచ్చాయి. ఒక్కటి మిగల్లేదు.

"అప్పయ్య మావా, ఇది ఒదిగింది."

ఆయన రాళ్ళ వంక చూసి కాలితో చెదరగొట్టాడు. "ఇల్లు కట్టినాక పునాది తవ్వుతావేందే? బస్సొచ్చింది, లెగు."

ఆ రోజు నుంచి ఎక్కడిదాకా చూడాలన్నది ఆలోచించాను. వరుసకు ఎన్ని బండలు, ఎన్ని వరుసలు అన్నవి ఎదురెదురుగా నడిచి వచ్చే ఇద్దరు మనుషుల్లాంటివి. ఒకటి పెరిగేకొద్దీ రెండోది తగ్గుతుంది. ఇద్దరూ ఎదురుపడే చోటు దాటాక మళ్ళీ చూడనక్కర్లేదు, పాతవే తిరగబడి వస్తాయి. నూట నలభై మూడుకు ఆ చోటు పన్నెండు దగ్గర. అంటే పదకొండు కూడా చూడాలి. రెండులో ఒదగనిది నాలుగులోనూ ఆరులోనూ ఎలాగూ ఒదగదు కాబట్టి వాటితో పని లేదు. మొండి లెక్కలతో మాత్రమే చూస్తే చాలు. కొత్తగా వచ్చే పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఒదగదు అని చెప్పేముందు చివరిదాకా చూడండి.

మూతబండ

ఇప్పుడు అసలు సంగతి.

గురజాల నుంచి మాచర్ల పోయే వైపు ఒక ఊళ్ళో చలమయ్య గారని క్వారీ ఆసామి ఉండేవాడు. క్వారీలో నీళ్ళు ఊరి, తోడినా తరగక, మూసేయాల్సి వచ్చింది. చివరి పొరలో వచ్చిన రాయి నీలం కలిసిన నలుపు. క్వారీ మూసేటప్పుడు చివరి పొరను అమ్మకూడదని ఆ పనివాళ్ళలో ఒక మాట ఉంది. ఎక్కడో ఒక్కచోట అంతా కలిపి వేయాలి, చీల్చకూడదు, మిగల్చకూడదు. చలమయ్య గారు ఆ మాటకు కట్టుబడి ఆ రాయితో ఊరికి కల్యాణమండపం వేయిస్తానన్నాడు. రెండడుగుల చదరపు బండలు చెక్కించాడు. కోయకుండా, మిగలకుండా, బయటి రాయి కలపకుండా పరవాలని మాకు ముందే చెప్పాడు.

చెక్కినవాళ్ళలో సైదులు ఒకడు. అతని భార్య ఆదెమ్మ మా ముఠాలో నాతోపాటు బండలు మోసేది. రాతి దుమ్ము పీల్చి పీల్చి సైదులు ఛాతీ చెడింది. చివరి రోజుల్లో నాలుగు దెబ్బలు కొట్టి ఊపిరి కోసం ఆగేవాడట. అలా ఆగి ఆగి ఒక్క బండ చెక్కాడు. వీపున కాకిపాదంలా మూడు గీతలు గీశాడు, అది అతని గుర్తు. తరువాత మంచం దిగలేదు. మేం ఆ పనికి వెళ్ళేనాటికి అతను పోయి ఎంతో కాలం కాలేదు.

తోటి పనివాళ్ళు ఆ బండను అన్నిటికంటే పైన ఉంచాలనుకున్నారు. నిలువుగా ఆనించిన బండల వరుసల మీద, సరుకు పూర్తయిందని గుర్తుగా, దాన్ని అడ్డంగా పెట్టారు. వాళ్ళ లెక్కన అది గౌరవం. బండలు పరిచే మాకు మాత్రం అలా అడ్డంగా పెట్టింది మూతబండ. మూతబండ ఎప్పుడూ మూల విరిగినదో పగులు పట్టినదో అయి ఉంటుంది. దాన్ని లెక్కించరు. అప్పయ్య వచ్చి నిలువు బండలు లెక్కపెట్టి వెయ్యెనిమిది అన్నాడు.

చలమయ్య గారి ముఖం వెలిగిపోయింది. "వెయ్యెనిమిదా! దేవుడి లెక్క పడింది అప్పయ్యా."

పడటమే కాదు, అది ఎటు కావాలంటే అటు ఒదిగే లెక్క. ఆ స్థలం వెడల్పుకు ఇరవై ఎనిమిది బండలు పడతాయి. పొడవుకు ముప్ఫై ఆరు. అందులో ముందు ఇరవై ఎనిమిది వరుసలు జనం కూర్చోవడానికి, వెనక ఎనిమిది వరుసలు ఎత్తు చేసి పెళ్ళి అరుగు. జనం కూర్చునే చోటు నాలుగు వైపులా సమానంగా ఉండాలన్నది చలమయ్య గారి పట్టు. అందుకు కారణం ఉంది. ఊళ్ళో రెండు పార్టీలు. బంతిలో ఒక వరుస పొడుగైతే ఆ వరుసలో ఎవరు కూర్చున్నారన్నది ఏడాది పాటు మాట్లాడుకునే ఊరు అది. ముగ్గు పోసి కొలతలు గుర్తు పెట్టారు. ఇంకా తవ్వలేదు.

మర్నాడు బండలు దించేటప్పుడు ఆదెమ్మ పైబండను తిప్పి చూసింది. కాకిపాదం కనిపించింది. తన ఒళ్ళో పెట్టుకున్నట్టు మోకాళ్ళకు ఆనించుకుని కూర్చుండిపోయింది.

"అది పక్కన పడెయ్. మూతబండ," అన్నాడు అప్పయ్య.

"మూతబండ కాదు మావా. మా ఆయన చెక్కింది."

అప్పయ్య వచ్చి చూశాడు. మూలలు చూశాడు, ముఖం చూశాడు. ఎక్కడా లోపం లేదు. తల గోక్కున్నాడు.

"అయితే వెయ్యిన్నీ తొమ్మిది," అన్నాను.

"నువ్వు నోరు ముయ్యవే కోటీ. ఒక్కటి తీసేస్తే వెయ్యెనిమిది. తీసేద్దాం."

"ఏది తీసేస్తావు?"

"ఏదైతే ఏంది?"

ఏదైతే ఏమిటన్నది అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. చెక్కినవాళ్ళు ఒక్కొక్కరూ తమ తమ బండల వైపు చూసుకున్నారు. ఎవరి బండ తీసినా వాళ్ళకు ఇంకా వందకు తక్కువేమీ లేవు, ఒకటి పోయినా పోయేదేం లేదు. కానీ ఎవరూ ముందుకు రాలేదు. సైదులుది మాత్రం ఒక్కటే. విడిగా ఉంది. చేతికి దొరికింది కూడా అదే.

చలమయ్య గారు మంచివాడే. నెమ్మదిగానే చెప్పాడు. "ఆదెమ్మా, పారేస్తామా? గుమ్మం ముందు మెట్టుగా వేయిస్తా. వచ్చిన ప్రతివాడూ తొక్కి లోపలికి పోతాడు."

"చెప్పులిడిచే చోటా అయ్యా?" అంది ఆదెమ్మ.

 ఆయన "ఊళ్ళో అందరికీ వెయ్యెనిమిదని చెప్పుకున్నానమ్మా," అన్నాడు.

"ఆయన చెక్కేటప్పుడు మీరు లెక్క చెప్పలేదుగా."

ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. అలాగని ఒప్పుకున్నదీ లేదు. ముగ్గు గీత మీద తవ్వకం మర్నాడు మొదలు కావాలి. మొదలైతే ఆ బండకు లోపల చోటు లేనట్టే.

ఒదగని లెక్క

ఆ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేనూ ఆదెమ్మా కొట్టం నీడలో కూర్చున్నాం. వెయ్యిన్నీ తొమ్మిదిని ఏదో ఒక వరుసలో ఒదిగించాలని మా తాపత్రయం. రెండు, మూడు, ఐదు వెంటనే పోయాయి. ఏడుతో ఒక్కటి మిగిలింది. పదకొండుతో ఎనిమిది, పదమూడుతోనూ ఎనిమిదే. పదిహేడుతో ఆరు మిగిలాయి. పందొమ్మిదితో రెండే మిగిలేసరికి ఆదెమ్మకు ఆశ పుట్టింది. ఇరవై మూడుతో ఇరవై మిగిలాయి. ఇరవై తొమ్మిదితో ఇరవై మూడు. ముప్ఫై ఒకటితో పదిహేడు.

నేను ఆగిపోయాను.

"ఇంకా చూడక్కా."

"ఇంక లేదు ఆదెమ్మా. ముప్ఫై రెండు ముప్ఫై రెండులు వెయ్యిన్నీ ఇరవై నాలుగు. దాటిపోయింది. ఇది నిజంగానే మొండిది."

ఆదెమ్మ చేతిలో చెక్కు రాళ్ళు కింద పోసింది. "ఆయనా అంతేలే," అంది. నవ్విందో ఏమో చెప్పలేను.

అప్పయ్య పొరపాటున మొండిదనేవాడు. ఇక్కడ నేనే చివరిదాకా చూసి మొండిదని చెప్పాల్సి వచ్చింది. నిజం తెలిసినంత మాత్రాన మనసుకు హాయి ఉంటుందని నేను చెప్పను.

అరుగు వైపు చూసినప్పుడు

చేతులు కడుక్కుని ముగ్గు గీతల దగ్గరికి వెళ్ళాను. మొత్తం నేలను ఒక్కటిగా చూస్తున్నాం కాబట్టి కుదరడం లేదని అప్పుడు తట్టింది. నిజానికి అక్కడ ఉన్నవి రెండు నేలలు. జనం కూర్చునే చదరం ఒకటి, ఇరవై ఎనిమిది ఇరవై ఎనిమిదులు. దాన్ని ఎవరూ ముట్టుకోనివ్వరు. పెళ్ళి అరుగు రెండోది. అరుగుకు మాత్రం ఆ ఆకారమే ఉండాలన్న పట్టు ఎవరికీ లేదు. ఎనిమిది వరుసలు మిగిలాయి కాబట్టి అది బల్లలా అడ్డంగా సన్నగా వచ్చింది, అంతే.

ఎనిమిది ఇరవై ఎనిమిదులు రెండు వందల ఇరవై నాలుగు. దానికి సైదులు బండ కలిపితే రెండు వందల ఇరవై ఐదు.

పదిహేను పదిహేనులు.

అక్కడే నిలబడి మళ్ళీ లెక్క వేశాను. తరువాత అప్పయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన బీడీ పారేసి, టేపు తీసుకుని, చదరం అంచు నుంచి వెనక్కి నడిచాడు. పదిహేను బండలంటే ముప్ఫై అడుగులు. ముగ్గు గీత దాటి ఇంకా పద్నాలుగు అడుగులు వెనక్కి పోవాలి. అక్కడ చలమయ్య గారి కళ్ళం ఉంది.

"కింద బండల కీళ్ళూ అరుగు బండల కీళ్ళూ కలవ్వు," అన్నాడు. "ఆ పక్క ఆరున్నర బండ, ఈ పక్క ఆరున్నర బండ పోతది."

"అరుగు ఎత్తు మీద ఉంటది కదా మావా. కీళ్ళు కలవకపోతే ఎవరు చూడొచ్చారు? పక్కన పోయిన చోటు వంటవాళ్ళు తిరగడానికి దారి."

అప్పయ్య టేపు చుట్టాడు. "నువ్వే పోయి చెప్పు పెద్దాయనకి. నేను చెబితే కళ్ళం అడిగినానని నా మీద పడతాడు."

చెప్పాను. చలమయ్య గారు కళ్ళంలోకి వెళ్ళి అడుగులేసి చూసుకున్నాడు. అది ఆయన తండ్రి నాటి కళ్ళం, ఆయనకు మమకారం ఉండటం తప్పు కాదు.  మేం గుంపుగా ఇటువైపు నిలబడ్డాం. ఆదెమ్మ ఒక్కతే బండ దగ్గరే ఉంది.

"అరుగు కూడా నాలుగు పక్కలా సమానంగా వస్తది కదా?" అన్నాడు చివరికి.

"వస్తది అయ్యా. నాలుగు వైపులా జనం నిలబడి తలంబ్రాలు చూడొచ్చు."

"అయితే పెళ్ళిలో ఎవరు ముందు నిలబడ్డారని తన్నుకోవడం కూడా తగ్గుద్ది," అన్నాడు. "ముగ్గు తెప్పించు అప్పయ్యా."

టీచరు చెప్పినవి

నలభై ఏళ్ళ పనిలో ఎన్నో నేలలు వేశాను. ఈ నేల గురించే సుశీల టీచరుతో ఎక్కువగా చెప్పాను. ఒత్తులు దిద్దుతూ ఒక సాయంత్రం వెయ్యిన్నీ తొమ్మిది అని అక్షరాల్లో రాశాను. ఎందుకా అంకె అని అడిగింది. చెప్పాను. ఆమె పలక తీసుకుని తను రాయడం మొదలుపెట్టింది.

మేం మొండి లెక్క అన్నదాన్ని బడిలో ప్రధాన సంఖ్య అంటారట. వెయ్యి దాటాక వచ్చే మొట్టమొదటి ప్రధాన సంఖ్య ఇదేనట. ఏడు, పదకొండు, పదమూడు మూడింటినీ గుణిస్తే వెయ్యిన్నొకటి వస్తుంది. మన లెక్కలో అది తీసేస్తే ఎనిమిది మిగులుతుంది. ఎనిమిది ఆ మూడింటిలో దేనిలోనూ ఒదగదు. కాబట్టి మూడింటినీ ఒక్క దెబ్బకు పక్కన పెట్టొచ్చు. ఆ రోజు కొట్టం నీడలో పదకొండుకూ పదమూడుకూ రెండింటికీ ఎనిమిదే ఎందుకు మిగిలిందో నాకు అప్పుడు అర్థమైంది.

"పిన్నీ, ఒక ప్రధాన సంఖ్యను నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలిందనుకోండి. అది రెండు చదరాలుగా విడిపోయి తీరుతుంది," అంది టీచరు. "మూడు మిగిలితే ఎప్పటికీ విడిపోదు."

చిన్న వాటితో చూపించింది. ఐదు అంటే ఒకటీ నాలుగూ. పదమూడు అంటే నాలుగూ తొమ్మిదీ. పదిహేడు అంటే ఒకటీ పదహారూ. ఇరవై తొమ్మిది అంటే నాలుగూ ఇరవై ఐదూ. ఏడు, పదకొండు, పందొమ్మిది మాత్రం ఎంత తిప్పలు పడ్డా కుదరవు.

ఎందుకు కుదరవన్నది బండలతో నాకు నేనే చెప్పుకోగలిగాను. సరి వరుసల చదరాన్ని నాలుగేసి బండలుగా తీస్తే ఏమీ మిగలదు. బేసి వరుసల చదరాన్ని అలా తీస్తే ఎప్పుడూ ఒక్కటే మిగులుతుంది. రెండు చదరాలు కలిపితే మిగిలేది సున్న, ఒకటి, లేదా రెండు. మూడు మిగలడమన్నది లేదు. అందుకే మూడు మిగిలే లెక్క రెండు చదరాలు కాలేదు. ఒకటి మిగిలే ప్రధాన సంఖ్య ప్రతిదీ ఎందుకు విడిపోతుందో కూడా టీచరు చెప్పింది. అది నాకు ఎక్కలేదు. నమ్మాను, ఎందుకంటే ఆమె నాకు ఎక్కలేదని తెలిసినా తగ్గించి చెప్పలేదు. అది కష్టమైన సంగతే పిన్నీ, మాకూ కాలేజీలో ఎక్కలేదు, తరువాత ఎప్పటికో ఎక్కింది అంది.

ఇంకో మాట అంది. ప్రధాన సంఖ్య అయితే ఆ విడిపోవడం ఒక్క విధంగానే జరుగుతుందట. అరవై ఐదు ప్రధాన సంఖ్య కాదు, అది రెండు రకాలుగా విడిపోతుంది: ఒకటీ అరవై నాలుగూ, పదహారూ నలభై తొమ్మిదీ. వెయ్యిన్నీ తొమ్మిదికి మాత్రం ఇరవై ఎనిమిదుల చదరం, పదిహేనుల చదరం. అంతే. ఇంకో జత లేదు.

 సైదులు ఆ ఒక్క బండ చెక్కకపోయి ఉంటే మాకు ఆ అవసరమే వచ్చేది కాదు. చెక్కిన వాళ్ళంతా కలిసి ఇంకో రెండు ఎక్కువ చెక్కి ఉంటే వెయ్యిన్నీ పదకొండు, అది నాలుగుతో పోతే మూడు మిగిలే లెక్క, రెండు చదరాలు అసలు లేవు. ఉన్న ఒక్క దారి మా కాళ్ళ ముందే ముగ్గుతో సగం గీసి ఉంది. దాన్ని దేవుడి లీల అనొచ్చు. నేను అనను. మాకు తెలియకముందే ఆ దారి ఉంది, మాకు తెలియకపోయినా ఉండేది. అది నాకు దేవుడి లీల కంటే పెద్దదిగా తోచింది.

ఈ మొండి లెక్కలకు అంతు ఉందా అని అడిగాను. లేదంది. తెలిసిన ప్రధాన సంఖ్యలన్నీ గుణించి అన్ని బండలు పేర్చామనుకోమంది. అది వాటన్నిటిలోనూ ఒదుగుతుంది. దానిమీద ఒక్క బండ అదనంగా పెడితే వాటిలో ఒక్కదానిలోనూ ఒదగదు, ప్రతిసారీ ఒకటి మిగిలిపోతుంది. అప్పుడది తనే ప్రధాన సంఖ్య కావాలి, లేకపోతే మనకింకా తెలియని ప్రధాన సంఖ్యలో ఒదగాలి. ఎలా చూసినా కొత్తది ఒకటి ఉన్నట్టే. ఇప్పుడు కంప్యూటర్లతో వెతికి పట్టుకున్న వాటిని రాయాలంటే గది నిండా కాగితాలు కావాలట. అలాంటి పెద్ద వాటిని రెండు తీసుకుని గుణిస్తే, వచ్చినదాన్ని మళ్ళీ విడదీయడం ఎవరివల్లా కాదట. ఆ ధైర్యంతోనే కొన్ని రహస్యాలకు తాళాలు వేస్తారట. ఏడు దగ్గర ఆగిపోయే అప్పయ్య వినాల్సిన మాట.

నడుమ వద్దు

మళ్ళీ ఆ నేల దగ్గరికి వస్తాను. జనం కూర్చునే చదరం ముందు పరిచాం. తరువాత అరుగు లేపాం. దాని పక్క గోడలకు మామూలు రాయి వాడి, పైన పరవడానికి ఆ నల్ల బండలు ఉంచాం.

పదిహేను బేసి కాబట్టి అరుగుకు నడిబొడ్డు బండ ఒకటి వస్తుంది. పాత కొలతలో అలాంటిది లేదు. సైదులు బండ అక్కడే వేయాలని అప్పయ్యే అన్నాడు. చలమయ్య గారూ అదే అన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

ఆదెమ్మ ఒప్పుకోలేదు.

"నడుమ వద్దు. అక్కడ హోమం పెడతారు. ఈ రాయికి సెగ తగిలితే చిట్లుద్ది."

మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. నాపరాయి నిప్పుకు చిట్లుతుందని మా అందరికీ తెలుసు.

"మరి ఎక్కడేద్దాం?" అని అడిగాడు అప్పయ్య.

"వరసలో వెయ్యి మావా. ఆయన ఎప్పుడూ వరసలోనే కూచుని కొట్టాడు. మొదట్లోనూ లేడు, చివర్లోనూ లేడు."

నడుమ మందమైన బండ ఒకటి ఏరి వేశాం. దానిమీద ఇటుకలు పేర్చి హోమం పెట్టమని చలమయ్య గారికి చెప్పాం. సైదులు బండ వంతు వచ్చినప్పుడు అప్పయ్య దారం బిగించి, మట్టం చూసి, చెక్కసుత్తి ఆదెమ్మ చేతికిచ్చాడు. మా ముఠాలో ఆడమనిషి చేతికి సుత్తి రావడం అదే మొదలు. ఆదెమ్మ బండ దించి తట్టింది. మూడు మూలలు గట్టిగా పలికాయి. నాలుగోది డొల్ల.

వదిలేద్దామనిపించే సమయం అది. అందరం ఆమె ముఖంకేసి చూస్తున్నాం.

"లేపు," అన్నాడు అప్పయ్య. "సైదులు బండైతే మాత్రం డొల్లకి డొల్ల కాదా?"

"నేను లేపొద్దన్నానా మావా? పట్టు ఆ పక్క."

ఇద్దరూ పట్టి లేపారు. ఆదెమ్మ ఆ మూల మాలు నింపి, అరచేత్తో సర్ది, బండ మళ్ళీ దించి తట్టింది. ఈసారి నాలుగు మూలలూ ఒకేలా పలికాయి. ఆమె చెవి దగ్గరగా పెట్టి ఇంకోసారి తట్టి విని, లేచి చేతులు దులుపుకుని, పక్క బండ మోయడానికి వెళ్ళింది. సాయంత్రానికి అరుగు నిండింది. బండలు ఆనించి ఉన్న చోట నేల ఖాళీ. అందరం ఆ ఖాళీ నేల వంకే చూశాం.

మర్నాడు పొద్దున్నే నకరికల్లులో ఇంకో ఇంటి పనికి వెళ్ళాం. బండలు గోడకు నిలువుగా ఆనించి ఉన్నాయి, పైన ఒకటి అడ్డంగా ఉంది. అప్పయ్య టీ తాగుతున్నాడు. నేను పైబండను రెండు చేతులా దించాను. మూల విరిగి ఉంది. బోర్లా తిప్పి, వీపుకు పట్టిన మట్టిని తాపీ మొనతో గీకి, ఎవరి గుర్తైనా ఉందేమోనని చూశాను. ఏమీ లేదు. దాన్ని గోడకు నిలబెట్టి, దానితోనే లెక్క మొదలుపెట్టాను.